ఆ గుంతల్లో మందు వేయించింది నేనే

2022 మే నెల. రామగిరి మండలంలో ఒక ఓపెన్‌కాస్ట్ గని. దాని ఓబీ డంపుకూ పక్కనున్న వాగుకూ మధ్య మూడు నాలుగు ఎకరాల కంపనేల ఉండేది. ఓబీ అంటే ఓవర్‌బర్డెన్. బొగ్గు పొర మీదుండే మట్టినీ రాయినీ తవ్వి పక్కన పోస్తూ పోతే అది కొండలా పెరుగుతుంది. ఆ కొండల మీద చెట్లు పెంచడం నా పని. నేను గని కంపెనీ ఉద్యోగిని కాను. నాన్న భూగర్భ గనిలో టింబర్‌మన్, అంటే పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టేవాడు. ఆయన అన్‌ఫిట్ అయినప్పుడు వారసత్వ ఉద్యోగం మా అన్నకు వెళ్లింది. నేను సెంటినరీ కాలనీలో అన్న క్వార్టర్ పక్కనే అద్దెకుంటూ, మొక్కలు నాటే కాంట్రాక్టర్ల దగ్గర సూపర్‌వైజర్‌గా చేస్తూ వచ్చాను. ఇప్పటికి ఇరవై రెండేళ్లు దాటాయి.

ఎండాకాలం మా డంపు మీద రాయి ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటుంది. అలాంటి చోట చెట్టు ఎలా బతుకుతుందని చాలామంది అడుగుతారు. చెప్పుకోదగ్గ కథలు నా దగ్గర కొన్ని ఉన్నాయి. ఇది ఆ జాతిది కాదు. ఈ సంగతి అప్పట్లో రెండుసార్లు చెప్పాను. ఒకసారి ఒక పరిశోధక విద్యార్థినికి, ఇంకోసారి ఎనభై మంది కూలీల ముందు మైకు పట్టుకొని. రెండుసార్లూ అబద్ధం చెప్పాను. జరిగింది జరిగినట్టు అందరికీ తెలిసేలా రాయడం ఇదే మొదటిసారి.

ముందు మా పని పద్ధతి కొంచెం చెప్పాలి. మొదటి మెట్టు పిట్టింగ్. ఏప్రిల్, మే నెలల్లో మూరెడు లోతు, మూరెడు వెడల్పు గుంతలు తవ్వి ఎండకు వదిలేస్తాం. మట్టిలోని చీడ ఎండకు చస్తుంది. జూన్‌లో మిరుగం, అంటే మృగశిర కార్తె వానలు మొదలయ్యాక పశువుల ఎరువు కలిపిన మట్టి నింపి మొక్క పెడతాం. నింపే ముందు గుంత అడుగునా అంచులకూ చెదల మందు చల్లుతాం. అది లేకపోతే ఎరువుతో పాటు వచ్చే చెదలు లేత వేరును నెల కూడా ఉంచవు. వీటి మధ్యలో కౌంటింగ్ అని ఒకటుంది. అధికారులు వచ్చి గుంతలు లెక్కబెట్టి రిజిస్టర్‌లో రాసుకుంటారు. పూడ్చిన గుంత లెక్కలోకి రాదు. అందుకని వాళ్లు వచ్చేదాకా, ఒక్కోసారి నెలన్నర పాటు, అన్ని గుంతలూ తెరిచే ఉంచుతాం. లెక్క తగ్గితే మరుసటి ఏడు ఆ సూపర్‌వైజర్‌ను పిలవరు.

మా గుంపు మేస్త్రి ఓదెమ్మ. ఇరవై మంది ఆడవాళ్లను పనికి తెచ్చేది, నడిపించేది ఆమే. నాకన్నా ఐదారేళ్లు పెద్దది. ఆమె ఊరు గని కిందికి పోయింది. ఇప్పుడు నేను చెబుతున్న వాగొడ్డు కంపనేల ఒకప్పుడు ఆ ఊరి మేకలు మేసిన చోటు. పదిహేనేళ్లు నాతో పని చేసింది. మిగతావాళ్లంతా నన్ను సారూ అంటే ఆమె మాత్రం తమ్మీ అనేది. నేను ఇంటి నుంచి టిఫిన్ తెచ్చుకోని రోజున ఆమె సద్దిలో సగం నాదే.

ఆ ఏడు ఫిబ్రవరిలో సంధ్య అనే అమ్మాయి అనుమతి కాగితాలతో వచ్చింది. కరీంనగర్ వైపు పిల్ల, యూనివర్సిటీలో పురుగుల మీద పరిశోధన చేస్తోంది. నేల మీద తిరిగే ఒక రకం పెంకుపురుగు కోసం వెతుకుతోందట. ఫోన్‌లో బొమ్మ చూపించింది. బొటనవేలంత పొడవు, నిగనిగలాడే నల్లటి వీపు, దాని మీద రెండు వరుసల్లో లేత పసుపు చుక్కలు, పొడుగు కాళ్లు. ఇరవై ఏళ్లు ఈ మట్టిలో తిరిగిన నేను దాన్ని ఎప్పుడూ గమనించలేదు. ఓదెమ్మ ఫోన్ చేతిలోకి తీసుకొని నవ్వింది.

"ఇది ఉరుకుడు పురుగు గద బిడ్డా. దీనికోసం గూడ కాలేజీలల్ల సదువుతున్నరా?"

ఎక్కడైనా చూశావా అని సంధ్య ఆత్రంగా అడిగింది.

"సూపిస్త గని మొకం కాడ వెట్టుకోకు. కోపమొస్తె కండ్లల్ల కొడ్తది. అచ్చం మా ఆయన లెక్క."

ఆడవాళ్లంతా గొల్లుమన్నారు. ఓదెమ్మ వాగు వైపు నడిచి, పరికికంప కింద ఒక చెదలపుట్ట పక్కన రాయి లేపింది. నిజంగానే ఉంది. సంధ్య వేళ్లతో పట్టుకోగానే అది సన్నగా ఏదో చిమ్మింది. సిర్కా, అంటే వెనిగర్ లాంటి ఘాటు వాసన. అమ్మాయి చెయ్యి మంటెక్కి ఎర్రబడింది, అయినా ముఖమంతా సంతోషం. ఓదెమ్మ ఆమె చేతి మీద నీళ్లు పోస్తూ, చిన్నప్పుడు మేకలు కాయడానికి వచ్చి ఈ పురుగులకు పందేలు పెట్టేవాళ్లమని చెప్పింది.

ఆ తర్వాత నెల రోజులు సంధ్య అక్కడే తిరిగింది. ఆమె వాడే పద్ధతిని పిట్‌ఫాల్ ట్రాప్ అంటారు. ప్లాస్టిక్ కప్పును దాని అంచు సరిగ్గా నేలమట్టానికి వచ్చేలా పూడుస్తారు. సాయంత్రం తిరగడానికి వచ్చిన పురుగు నడుస్తూ నడుస్తూ అందులో పడుతుంది, ఎగరలేదు కనుక పైకి రాలేదు. పొద్దున్నే వచ్చి లెక్క రాసుకొని వదిలేస్తారు. ఆ కప్పులు పూడ్చడంలో నేనే సాయం చేశాను. ఈ ముక్క గుర్తుపెట్టుకోమని మనవి. గుంత అంటే ఆ పురుగుకు ఏమిటో నాకు ముందే తెలుసు, నా చేతులతోనే నేర్చుకున్నాను.

డంపు మీద పెట్టిన కప్పుల్లో ఒక్కటీ పడలేదు. వాగు అవతల పత్తిచేల గట్ల మీద పెట్టినవాటిలోనూ లేదు. ఈ మూడు నాలుగు ఎకరాల్లోనే పడ్డాయి. ఎందుకని అడిగితే సంధ్య ఒక మట్టిపెడ్డ చేతిలోకి తీసుకొని చెప్పింది. దీని పిల్లపురుగు నేల లోపలే పెరుగుతుంది. ఒకసారి తిరగేసిన మట్టిలో అది బతకదు. డంపు మట్టి వందల అడుగుల లోతు నుంచి వచ్చింది, దానిలో చెదలూ ఉండవు, ఆకు కుళ్లూ ఉండదు, తినడానికేమీ లేదు. అవతలి చేలల్లో మందు కొడతారు. పైగా ఏటా వానకు డంపు నుంచి కొట్టుకొచ్చే ఒండ్రు ఈ నేలను ఒక అంచు నుంచి కప్పుకుంటూ వస్తోంది.

"ఇది కనుమరుగైపోయే జాతి అంకుల్. కాపాడాలంటే ముందు ఎక్కడ ఎన్ని ఉన్నయో రాయాలె. అదే ఎవ్వరూ రాయలేదు," అంది. ఈ నేలలో పలుగు పడకుండా చూడమని అడిగింది. అలాగేనమ్మా అన్నాను. మా పని మ్యాపులో ఆ నేల లేనే లేదు, మాట ఇవ్వడానికి నాకేం కష్టం కాలేదు.

కష్టం మేలో వచ్చింది. మాకు చూపించిన డంపు వాలు మీద పైనుంచి ఇంకా మట్టి పోస్తున్నారు. రాళ్లు దొర్లుతున్నాయి కాబట్టి మనుషులు ఎక్కకూడదని సేఫ్టీవాళ్లు ఆపేశారు. అది న్యాయమే. కానీ కౌంటింగ్ దగ్గరపడుతోంది, గుంతలు సగం కూడా కాలేదు. ఆగమని అడిగి ఉండొచ్చు. వేరే చోటు చూపించమని కాగితం పెట్టి ఉండొచ్చు. నేను రెండూ చెయ్యలేదు. మెత్తటి పాత మట్టి, గడ్డపార వేస్తే దిగుతుంది, అందరికీ నడిచే దూరం. వాగొడ్డున తవ్వమని కంపెనీ చెప్పలేదు, కాంట్రాక్టరూ చెప్పలేదు. సున్నంతో గీతలు నేనే గీశాను.

ఓదెమ్మ గడ్డపార కింద పెట్టి నిలబడింది. ఆ పిల్లకు మాట ఇచ్చావు కదా అని అడిగింది. ఉత్త గుంతలే కదా, మొక్కలు తర్వాత చూసుకుందాం అన్నాను. ఆమె కదల్లేదు. ఆ పిల్లకు ఫోన్ చేసి చెప్పు, సరేనంటే తవ్వుతాం అంది. సంధ్య అప్పటికి పరీక్షల పనిమీద యూనివర్సిటీకి వెళ్లి ఉంది. ఆడవాళ్లంతా చూస్తుంటే అక్కడే ఫోన్ చేశాను. కొన్ని గుంతలు తప్పడం లేదన్నాను. ఎన్నో చెప్పలేదు. అమ్మాయి, తవ్వక తప్పకపోతే ప్రతి గుంతలోనూ గరుకు కర్ర ఒకటి ఏటవాలుగా ఆనించి పెట్టమంది. పురుగు పడినా కర్ర పట్టుకొని ఎక్కి వెళ్లిపోతుంది. మందు మాత్రం వెయ్యొద్దు, జూన్‌లో నేను వచ్చి చూశాక ఏదైనా చేద్దాం అంది. అన్నిటికీ ఒప్పుకున్నాను.

ఓదెమ్మ వాగు దిక్కునుంచి మొదలుపెట్టి, కంపలు నరికి, రెండు సాళ్ల గుంతల్లో కర్రలు పెట్టించింది. ఒక్కో సాలుకు అరపూట పట్టింది. మూడో రోజు నేను ఆపేశాను. కర్రల పని తర్వాత, ముందు గుంతలు కానివ్వమన్నాను. మళ్లీ కర్రల మాట ఎత్తలేదు.

రోహిణి కార్తె చివర్లో ఒక సాయంత్రం పెద్ద వాన పడింది. ఆ మర్నాడు పొద్దుపోయాక కౌంటింగ్‌వాళ్ల నుంచి కబురు వచ్చింది, ఇంకో రెండు రోజుల్లో వస్తామని. నేల తడిసింది. లెక్క అయిన గంటలోనే పూడ్చి, అదే ఊపులో మొక్కలు పెట్టేస్తే మొదటి తడి కలిసివస్తుంది. అందుకు ముందే మందు వేసి ఉంచాలి. మర్నాడు మధ్యాహ్నం మందు బస్తాలు దింపించాను.

ఓదెమ్మ మందు తట్ట ముట్టుకోలేదు. వాన పడిందంటే ఉసిళ్లు లేస్తాయి, ఉసిళ్ల కోసం ఉరుకుడు పురుగులన్నీ బయటికొస్తాయి, ఇప్పుడే ఎందుకు అంది. ఒక్క పూట ఆగమంది. నేను గొంతు పెంచాను. సూపర్‌వైజర్ నువ్వా నేనా అని అడిగాను. పదిహేనేళ్లలో ఆమెతో అలా మాట్లాడింది అదొక్కసారే. ఆమె తట్ట ఎత్తుకొని, నలుగురు ఆడవాళ్లను తీసుకొని వాగు దిక్కుకు వెళ్లిపోయింది. నేను మిగతావాళ్లతో డంపు వైపు సాళ్లలో మందు వేయించాను. అలిగి నాకు దూరంగా పోయిందనుకున్నాను.

మర్నాడు పొద్దున ఆరింటికి నేనే ముందు వెళ్లాను. దూరం నుంచే వాసన తెలిసింది. సిర్కా వాసన, దాని కింద మందు వాసన. మొదటి గుంతలో ఉసిళ్ల రెక్కలు, వాటి మధ్య ఏడు పెంకుపురుగులు. నాలుగు వెల్లకిలా పడి ఉన్నాయి. మూడు కాళ్లు ఆడిస్తున్నాయి. తర్వాతి గుంతలో పదకొండు. నాలుగో గుంత దాకా లెక్కపెట్టి ఇక మానేశాను. బతికున్నవి రెండు తీసి గడ్డిలో వదిలితే ఒకే చోట గుండ్రంగా తిరిగి ఆగిపోయాయి. సంధ్య నెల రోజులు కప్పులు పెట్టి రాసుకున్న పురుగుల కన్నా ఆ నాలుగు గుంతల్లోనే ఎక్కువ ఉన్నాయి.

ఆ క్షణంలో కూడా చెయ్యగలిగింది ఉండింది. సంధ్యకు ఫోన్ చేసి ఉంటే ఆమె పరుగెత్తుకొచ్చేది. కౌంటింగ్‌వాళ్లు తొమ్మిదికి వస్తారు. నేను డంపు వైపు ఆడవాళ్లను పిలిచి, ప్రతి గుంతలో రెండు పిడికిళ్ల మట్టి చల్లించాను, లోపల ఏముందో కనబడకుండా. అధికారులు వచ్చారు, మ్యాపు తెరవకుండానే గట్టు మీద నడుస్తూ లెక్కపెట్టారు, లెక్క సరిపోయింది, టీ తాగి వెళ్లారు. మధ్యాహ్నానికి అన్నీ పూడ్చి కానుగ మొక్కలు పెట్టించాను.

జూన్ మధ్యలో సంధ్య వచ్చింది. కానుగ మొక్కలు చూసి నా ముఖం వైపు చూసింది. వారం పాటు డంపు వైపు సాళ్ల మధ్య కప్పులు పెట్టింది. రోజూ పొద్దున ఖాళీ కప్పులే. ఎనిమిదో రోజు ఒక మొక్క మొదట్లో వేలితో తవ్వి, తెల్లటి పలుకులు వాసన చూసింది. ఎవరు వేశారని అడిగింది.

ఓదెమ్మ అక్కడే ఉంది. నాలుగడుగుల దూరంలో కలుపు తీస్తోంది. ఆ ఏడు కాంట్రాక్ట్ పునరుద్ధరణకు ఇంకా సంతకాలు కాలేదు, యూనివర్సిటీ నుంచి ఫిర్యాదు వెళితే ముందు పోయేది నేనే. ఇదంతా ఒక్క నిమిషంలో బుర్రలో తిరిగింది.

"నేను లేని పూట మేస్త్రి వేయించిందమ్మా. తెలియక చేసింది," అన్నాను.

ఓదెమ్మ తలెత్తి నన్ను చూసింది. కోపంగా కాదు. తెలిసిన మనిషి తొవ్వలో కనబడితే అతనేనా కాదా అని చూస్తాం చూడండి, అలా చూసింది. మళ్లీ వంగి కలుపు తీసుకుంది. సంధ్య ఆమెను ఒక్క మాట కూడా అడగలేదు. అడగాల్సిన అవసరం లేకుండా నేనే చేశాను.

ఫిర్యాదు రానే వచ్చింది. కాంట్రాక్టర్ నన్ను రాసిమ్మన్నాడు. అదే మాట కాగితం మీద పెట్టి సంతకం చేశాను. ఓదెమ్మను గుంపు నుంచి తీసేశారు. ఆ సాయంత్రం ఆమె తన సద్ది గిన్నె, కొడవలి తీసుకొని వెళ్తూ నా దగ్గర ఆగింది.

"తెల్వక ఏసింది అని రాసినవట. ఆ పురుగు పేరు నీకు చెప్పిందే నేను గద తమ్మీ."

ఆమె గొంతు పెంచలేదు. చుట్టూ ఉన్న ఆడవాళ్లకు కూడా వినబడనంత మెల్లగా అంది. అందుకు కూడా నేను లోపల ఊరట పడ్డాను. ఆ ఊరటను తలుచుకుంటేనే ఇవాళ ఎక్కువ సిగ్గేస్తుంది.

ఆగస్టులో కూలీలకు అవగాహన తరగతి పెట్టారు. వెనక బ్యానర్ మీద పెంకుపురుగు బొమ్మ. అనుభవం ఉన్నవాడినని నన్నే మాట్లాడమన్నారు. మైకు పట్టుకొని, ఒక మేస్త్రి తెలియక చేసిన పనికి ఒక జాతి జాతే పోయిందని, మీరు అలా చెయ్యకండని చెప్పాను. ఎనభై మంది విన్నారు. వాళ్లలో ఆ రోజు నా మాట మీద మందు చల్లినవాళ్లు పదిహేను మంది ఉన్నారు. ఎవరూ నోరు తెరవలేదు. తర్వాతి సీజన్‌లో వాళ్లను పనికి పిలవాల్సింది నేనే మరి. చివర్లో అందరూ చప్పట్లు కొట్టారు.

సంధ్య మరుసటి ఏడు కూడా వచ్చింది. ఎక్కడెక్కడ మందు పడిందో మ్యాప్ గీసిమ్మంది. నేల మొత్తానికీ గీతలు కొట్టి ఇచ్చాను. దాని ప్రకారం ఆమె ఈ నేలను వదిలేసి చుట్టుపక్కల వెతికింది. ఏమీ దొరకలేదు. కూలీల అవగాహన లోపం వల్ల ఇక్కడి పురుగులు నశించాయని తన పరిశోధనలో రాసుకొని, వేరే జిల్లాకు వెళ్లిపోయింది.

2025 మార్చిలో ఆ నేల మీదుగా గార్లండ్ డ్రెయిన్ తవ్వడం మొదలైంది. వానకు డంపు మట్టి వాగులోకి పోకుండా డంపు చుట్టూ హారంలా తీసే కాలువ అది. మంచి పనే. ఆ నేలలో కాపాడాల్సింది ఏమీ లేదని రాసి ఉన్నాక దాన్ని వేరే దిక్కు తిప్పమని ఎవరు అడుగుతారు? దారిలో ఉన్న మొక్కలు తీయించడానికి నన్ను పంపారు. వాగు అంచున పొక్లెయిన్ నడిపే కుర్రాడు బండి ఆపి దిగాడు. తువ్వాలలో ఏదో పట్టుకొని వచ్చాడు.

"సారూ, ఇదేందో సూడు. సిర్కా వాసనొస్తున్నది."

నల్లటి వీపు, లేత పసుపు చుక్కలు. బతికుంది. బకెట్ ఎత్తిన మట్టిలో ఇంకా ఉన్నాయన్నాడు. ఏదో పురుగులే, పడేయ్ అన్నాను. నోటికి ఆ మాట అలవాటులా వచ్చేసింది. అతను వదిలేసి బండెక్కాడు. సాయంత్రానికి కాలువ ఆ మూల దాటిపోయింది.

మూడో రోజు ఆదివారం. చర్చి నుంచి ఇంటికి పోకుండా పునరావాస కాలనీకి, ఓదెమ్మ ఇంటికి వెళ్లాను. వాకిట్లో కూర్చొని చింతపండు గింజలు తీస్తోంది. మూడేళ్ల తర్వాత చూడటం. కూర్చోమంది, నీళ్లిచ్చింది. పత్తి ఏరడానికి పోతున్నానని, మోకాళ్లు సహకరించడం లేదని తనే చెప్పింది. నేను పురుగు సంగతి చెప్పాను. వాగు అంచున ఎలా బతికి ఉన్నాయో అర్థం కావడం లేదన్నాను. ఆమె గింజ తీయడం ఆపలేదు.

"ఆ రెండు సాళ్లల్ల మందు పొయ్యలె. కర్రలు పెట్టినయి అవ్వే గద. ఉత్త మట్టి సల్లి వచ్చినం. మిగిలిన మందు ఒక్క బొందల ఏసి పూడ్చినం."

నాకెందుకు చెప్పలేదని అడిగాను. అడిగాక తెలిసింది అదెంత పనికిమాలిన ప్రశ్నో.

"అడిగినవా? అడిగే బుద్ధే ఉంటె ఆ పొద్దు ఆ పిల్ల ముందట నా పేరెందుకు తీస్తవ్?"

నేను చెప్పాలనుకున్న మాట అప్పుడు బయటికి వచ్చింది. తప్పు చేశానక్కా, అది చెప్పడానికే వచ్చానన్నాను. ఆమె చేతులు దులుపుకొని మొదటిసారి నా వైపు తిరిగింది.

"నాకేం చెప్తవ్? నాకెరుకే. ఎరుక లేనోళ్లకు చెప్పు."

క్షమించానని అనలేదు. కూర్చోమని మళ్లీ అనలేదు. కాలనీ మలుపులో బండి ఆపి సంధ్యకు ఫోన్ చేశాను. మొదటి నుంచి చివరి దాకా చెప్పాను. ఆమె కొన్ని ప్రశ్నలడిగింది. ఆ రెండు సాళ్లు నీటికి ఎంత దూరం? కాలువ వాటిని దాటిందా? ఏమైనా మిగిలిందా? కాలువ రెండు సాళ్లనూ మింగేసిందని, దానికీ నీళ్లకూ మధ్య ఒక బండి పట్టేంత ఒడ్డు మాత్రం మిగిలిందని చెప్పాను.

"రెండేండ్లు మీ మ్యాపే నమ్మిన అంకుల్. ఒక్క పూట ఓదెమ్మమ్మతో మాట్లాడనిచ్చి ఉంటే సరిపోయేది."

మిరుగానికి వస్తానంది. ఓదెమ్మ నంబర్ ఇవ్వమంది. మీరు మాత్రం రావద్దు అని మర్యాదగానే చెప్పింది. నంబర్ ఇచ్చాను. జూన్‌లో వాళ్లిద్దరూ ఆ ఒడ్డున నాలుగు రోజులు కప్పులు పెట్టారని పనివాళ్లు చెప్పారు. ఏం దొరికిందో నాకు తెలియదు. అడిగే మొహం లేదు. తన రాతలో కూలీల గురించి రాసిన వాక్యాన్ని మార్చానని మాత్రం సంధ్య ఒక మెసేజ్ పెట్టింది. కాంట్రాక్టర్‌కు కూడా జరిగింది రాసిచ్చాను. పాతదంతా ఇప్పుడెందుకు తోడతావని విసుక్కున్నాడు, కాగితం మాత్రం తీసుకున్నాడు. ఓదెమ్మను మళ్లీ రమ్మని కబురు చేశారు. ఆమె రాలేదు.

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లకు నేను చెప్పగలిగింది ఇంతే. రాసేది మనం. మన కాగితమే నిలబడుతుంది, గడ్డపార పట్టినవాళ్ల మాట ఎక్కడా నమోదు కాదు. నా తప్పును ఓదెమ్మ మీద వేసినప్పుడు ఒక మనిషి కూలీ పోయింది, పేరు పోయింది. అంతటితో ఆగలేదు. ఆ పురుగులు ఎక్కడ మిగిలాయో తెలిసిన ఒకే ఒక్క మనిషి మాటకు విలువ లేకుండా పోయింది. మందుకు చచ్చినవి చావగా మిగిలినవి మూడేళ్లు అక్కడే బతికాయి. వాటి మీదికి కాలువను నడిపించింది నా అబద్ధమే.

ఇంకా చెప్పాల్సినవాళ్లు ఆ ఎనభై మంది ఉన్నారు. చాలామంది ఇప్పుడు వేరే పనుల్లో, వేరే ఊళ్లలో ఉన్నారు. అందరినీ కలవలేను కాబట్టే ఇది రాస్తున్నాను. ఆ రోజు తరగతిలో కూర్చున్నవాళ్లు ఎవరైనా ఇది చదివితే, చదవలేనివాళ్లకు ఎవరైనా చదివి వినిపిస్తే, మేస్త్రి తెలియక చేసిందని నేను మైకులో అన్న మాటను కొట్టేయండి. తెలియక చేసినవాళ్లు అక్కడ ఎవరూ లేరు.